లాతూర్ వకీలు

రజాకార్ అనే మాట మన పిల్లలకు కొత్త కాదు. ఎన్నికల సభలో తిట్టుగానో, సెప్టెంబర్ 17న టీవీ చర్చలోనో, ఇంట్లో ముసలవ్వ నోటనో ఏటా చెవిన పడుతూనే ఉంటుంది. ఆ రజాకార్లను నడిపిన మనిషి ఏం పని చేసేవాడని అడిగితే మాత్రం ఎక్కువమంది సిపాయి అంటారు, కొందరు నవాబు అంటారు. ఖాసిం రజ్వీ సిపాయీ కాదు, నవాబూ కాదు. అలీగఢ్‌లో న్యాయశాస్త్రం చదివి లాతూర్‌లో నల్లకోటు వేసుకున్న వకీలు. జిల్లా కేంద్రం కూడా కాని ఊళ్లో కక్షిదారుల కోసం ఎదురుచూసిన వకీలు రెండేళ్లలోపే ఒక రాజ్యాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాడు. అయిదు రోజుల్లో అంతా పోగొట్టుకున్నాడు. తొమ్మిదేళ్లు జైల్లో ఉండి, చివరికి దేశమే వదిలి వెళ్లాడు.

ఈ కథ ఆదివాసులకు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మన చరిత్ర పుస్తకంలో జోడేఘాట్ ఒక పాఠం, రజాకార్లు మరో పాఠం. రెండింటి మధ్య దూరం ఎనిమిదేళ్లే. రెండూ ఒకే రాజ్యంలో, ఒకే రాజు కింద జరిగాయి. ఆ రాజ్యంలో చట్టం ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నది ఈ రెండు పాఠాలనూ పక్కపక్కన పెడితేనే కనిపిస్తుంది.

సిర్పూర్ కాగజ్‌నగర్‌లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్లు నాంపల్లిలో దిగుతారు. స్టేషన్ నుంచి ఒక పక్కకు నడిస్తే పబ్లిక్ గార్డెన్స్, శాసనసభ. ఇంకో పక్కకు వెళ్తే ఆగాపురా, అక్కడ దారుస్సలాం. మజ్లిస్ పార్టీ ఆఫీసు ఈనాటికీ అదే. ఎదురు దిక్కున పోతే ఆబిడ్స్. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ పెట్టిన దుకాణం వల్ల ఆ పేరు వచ్చింది. ఆబిడ్స్ దాటి కొంచెం ముందుకు వెళ్తే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాపురమున్న కింగ్ కోఠి. పార్టీ ఆఫీసు, బజారు, రాజు ఇల్లు, మూడూ కాలినడక దూరంలోనే ఉన్నాయి. రజ్వీ కథలో ఎక్కువ భాగం ఈ నడక దూరంలోనే జరిగింది. దాని దెబ్బ మాత్రం వందల మైళ్ల అవతలి పల్లెల మీద పడింది.

మజ్లిస్‌ను రజ్వీ పెట్టలేదు. అది 1927లో పుట్టిన సంస్థ. దానికి ప్రాణం పోసినవాడు బహదూర్ యార్ జంగ్. ఆయన మాట్లాడుతుంటే గంటల తరబడి జనం కదలకుండా వినేవారట. సార్వభౌమాధికారం నిజాం ఒక్కడిది కాదు, ముస్లిం జనమందరిదీ, నిజాం దానికి గుర్తు మాత్రమే అన్నది మజ్లిస్ సిద్ధాంతం. అనల్‌మాలిక్ అన్నారు దాన్ని. అంటే నేనే రాజును అని. టాంగా తోలేవాడికి, బీడీలు చుట్టేవాడికి, జీతం అంతంతమాత్రంగా ఉన్న చప్రాసీకి నువ్వే రాజువని చెప్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. భూమి రాదు, జీతం పెరగదు, పిల్లవాడి బడి ఫీజు తగ్గదు. రాజునన్న ఊహ మాత్రం ఉచితంగా దొరుకుతుంది. పేదవాళ్లకు ఇలాంటి ఉచిత రాజరికం పంచే నాయకులు ఆ మతానికీ ఆ కాలానికీ మాత్రమే పరిమితం అనుకోను.

రజాకార్ అంటే స్వచ్ఛంద సేవకుడు. ఆ దళాలు కూడా బహదూర్ యార్ జంగ్ కాలంలోనే మొదలయ్యాయి. 1944 జూన్‌లో ఒక విందులో హుక్కా పీలుస్తూ ఆయన హఠాత్తుగా చనిపోయాడు. విషం పెట్టారన్న అనుమానం హైదరాబాద్‌లో ఇప్పటికీ పోలేదు. తర్వాత ఇద్దరు అధ్యక్షులు వచ్చారు. ఢిల్లీతోను, స్థానిక హిందూ నాయకులతోను రాజీకి చూస్తున్నారని పార్టీలోని కుర్రకారుకు వాళ్ల మీద కోపం. ఆ కోపం మీద ఎక్కి వచ్చినవాడే రజ్వీ. ఆస్తిని పార్టీకి రాసిచ్చిన త్యాగి అన్న పేరు అప్పటికే ఉంది. 1946 చివర మజ్లిస్ అధ్యక్షుడయ్యాడు.

ఆనాటి హైదరాబాద్ రాజకీయాలు చాలావరకు వకీళ్ల చేతిలోనే ఉండేవి. బూర్గుల రామకృష్ణారావు వకీలు, కొండా వెంకట రంగారెడ్డి వకీలు, గోల్కొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి కూడా న్యాయశాస్త్రం చదివినవాడే. సభలు పెట్టడానికి అనుమతి దొరకని రాజ్యంలో ఏ మాట అంటే కేసు అవుతుందో, ఏ మాట అంటే కాదో తెలిసినవాడికే నాయకత్వం దక్కడం సహజం. మిగతా వకీళ్లు ఆ తెలివితో గీత దాటకుండా మాట్లాడారు. రజ్వీకి దాన్ని దాటినా తనను ఎవరూ పట్టుకోరని తెలుసు. పట్టుకోవలసిన పోలీసు వ్యవస్థ తన వెనకే ఉంది మరి.

1947 ఆగస్టు 15 నాటికి దాదాపు సంస్థానాలన్నీ భారతదేశంలో చేరిపోయాయి. హైదరాబాద్ చేరలేదు. నిజాం ఢిల్లీతో బేరం మొదలుపెట్టాడు. ప్రధానమంత్రి ఛత్తారీ నవాబు, ఇంగ్లిష్ న్యాయవాది వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ కలిసి యథాతథ ఒప్పందం ముసాయిదా తయారుచేశారు. అక్టోబర్ 27 ఉదయం అది పట్టుకుని విమానం ఎక్కాలి. తెల్లవారకముందే జనం వాళ్ల ఇళ్లను చుట్టుముట్టారు. ప్రధాని నివాసం షా మంజిల్ చుట్టూ, మిగతా ఇద్దరి ఇళ్ల చుట్టూ కలిపి 25,000 మంది ఉంటారని వి.పి. మీనన్ రాశాడు. పోలీసులు వేలు కదపలేదు. సైన్యం వచ్చి వాళ్లను బయటపడేసింది. విమానం ఆరోజు ఎగరలేదు.

రజ్వీ ఎదుగుదలలో కీలకం ఆ తెల్లవారుజామే. అంతకుముందు అతనికి ఉన్నది నోరు. ఆ రోజు నుంచి ప్రధానమంత్రిని మార్చే శక్తి వచ్చింది. ఛత్తారీ రాజీనామా చేశాడు. కొత్త బృందం ఢిల్లీ వెళ్లింది. నెల గడిచాక, నవంబర్ 29న సంతకమైన ఒప్పందం పాతదానికి పెద్ద తేడా లేనిదే. అంటే అంత గొడవా ఒప్పందంలోని షరతుల కోసం కాదు. ఇంట్లో యజమాని ఎవరో చూపించడం కోసం. పారిశ్రామికవేత్త మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యాడు. మంత్రివర్గంలో మజ్లిస్ మాటే చెల్లింది. రజ్వీ ఏ పదవీ తీసుకోలేదు. పదవి తీసుకుంటే జవాబు చెప్పాలి. తీసుకోకపోతే అధికారం ఉంటుంది, జవాబుదారీ ఉండదు. ఇది వకీలుకు తెలియని సంగతి కాదు.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. హైదరాబాద్ రాజ్యంలో ముస్లింలు నూటికి 12, 13 మంది. ఆ లెక్కతో రాజ్యం నిలబడదని మజ్లిస్‌కు తెలుసు. అందుకే దళిత నాయకులతో పొత్తు పెట్టుకుంది. బి.ఎస్. వెంకటరావు లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రి అయ్యాడు. శ్యామ్ సుందర్ 1948 సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితికి వెళ్లిన హైదరాబాద్ బృందంలో ఉన్నాడు. వాళ్లిద్దరినీ ద్రోహులని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. హిందూ దొరల గడీల్లో వెట్టి చేసిన కులాల నాయకులు ఎటు పోయారని అడగడం తేలిక. అటు ఎందుకు పోవాల్సి వచ్చిందని అడగడం కష్టం. అయితే ఆ పొత్తుల్లో గానీ, ఎదుటివైపు కాంగ్రెస్ సభల్లో గానీ గోండు, కోయ, కోలాం, నాయక్‌పోడ్ పేర్లు వినిపించవు. అడవిలో ఉన్నవాళ్లను ఓటుగా లెక్కపెట్టే అవసరం ఎవరికీ రాలేదు.

1948 మొదటి ఎనిమిది నెలల్లో రజ్వీ ప్రతి సభా ఒక కేకే. బంగాళాఖాతం అలలు నిజాం పాదాలు కడుగుతాయని, ఢిల్లీ ఎర్రకోట మీద ఆసఫ్‌జాహీ జెండా ఎగరేస్తామని అతను అన్నట్టు వసంతకాలంలో పత్రికలు రాశాయి. ఢిల్లీ మండిపడింది. అలా అనలేదని హైదరాబాద్ వైపు నుంచి ఖండన వచ్చింది. వినేవాళ్లకు మాత్రం ఖండన అక్కర్లేదు. ఖాకీ తొడుక్కుని కర్రో, కత్తో, తుపాకో పట్టుకున్న కుర్రవాడికి ఎర్రకోట మాట చాలు. రజాకార్లు ఎంతమంది అన్నదానికి వేలనుంచి రెండు లక్షల దాకా లెక్కలున్నాయి. రజ్వీ చెప్పిన లెక్కలు ఇంకా పెద్దవి. సంఖ్యను పెంచి చెప్పడం కూడా అతని ఆయుధాల్లో ఒకటి. తీరా యుద్ధం వచ్చేసరికి ట్యాంకుల ముందు ఆ సంఖ్య ఏమైందో అందరూ చూశారు.

పల్లెల్లో జరిగింది పుస్తకాల్లో ఉంది కాబట్టి నేను వివరంగా చెప్పను. జనవరి 10న రజాకార్లు రైల్లో పోతుంటే బీబీనగర్ స్టేషన్‌లో ఎవరో నినాదాలు చేశారని దిగి ఊరి మీద పడ్డారు. ఆ రైల్లో రజ్వీ ఉన్నాడు. మే నెలలో బీదర్ జిల్లా గోర్టలో ఊచకోత. ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో బురుజు కూల్చి, ఊరివాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. అక్కడ చనిపోయినవాళ్లు తొంభైకి పైనే. భైరాన్‌పల్లిలో రజాకార్లతోపాటు నిజాం పోలీసులూ సైన్యమూ ఉన్నారన్న మాట పిల్లలకు తప్పకుండా చెప్పాలి. రజాకార్లను మాత్రమే దోషిగా నిలబెడితే వాళ్లకు దారి వదిలిన సర్కారు తప్పించుకుంటుంది.

రజాకార్లను ఎదిరించిన ముస్లింలు కూడా ఉన్నారని చెప్పాలి. ఆగస్టులో ఏడుగురు ముస్లిం పెద్దలు భారతదేశంలో చేరడమే మంచిదని ఒక ప్రకటన ఇచ్చారు. దాన్ని ఇమ్రోజ్ పత్రికలో వేసినవాడు సంపాదకుడు షోయబుల్లా ఖాన్. అంతకు ముందునుంచే రజాకార్ల మీద రాస్తున్నాడు. ఆగస్టు 19న ఆబిడ్స్‌లోని జమ్రుద్ మహల్ సినిమా హాల్లో సభ పెట్టి, మనకు వ్యతిరేకంగా లేచే చేతులను నరకాలన్న అర్థంలో రజ్వీ మాట్లాడాడని షోయబుల్లా కథ చెప్పే తెలుగువాళ్లంతా గుర్తుచేస్తారు. రెండు రాత్రుల తర్వాత కాచిగూడ దగ్గర ఇంటికి వెళ్తున్న షోయబుల్లాను కాల్చి, చెయ్యి నరికారు. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్ చెయ్యి కూడా పోయింది. తెల్లవారేసరికి షోయబుల్లా చనిపోయాడు. వయసు ముప్పైకి లోపే.

వకీలుకు మాట విలువ తెలుసు. కోర్టులో ఒక మాట ఎటు పడితే ఉరి, ఎటు పడితే విడుదల. అలాంటి మనిషి నిండిన హాలులో చేతులు నరకాలని అంటే ఆవేశంలో నోరు జారిందని నేననుకోను. అన్నవాడు ఒకడు, చేసినవాడు మరొకడు అయినప్పుడు సాక్ష్యం ఎలా నిలుస్తుందో, ఎలా పడిపోతుందో అతనికి తెలిసినంత బాగా ఆ హాల్లో ఇంకెవరికీ తెలియదు.

సెప్టెంబర్ 13 తెల్లవారుజామున భారత సైన్యం నాలుగు దిక్కుల నుంచీ వచ్చింది. షోలాపూర్ నుంచి వచ్చిన ప్రధాన దళానికి జనరల్ జె.ఎన్. చౌధురి నాయకుడు. 17 సాయంత్రానికి లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది, నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. మరునాడు హైదరాబాద్ సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. 19న రజ్వీని అరెస్టు చేశారు.

నాలుగు రోజులు గడిచాయి. సెప్టెంబర్ 23న నిజాం మళ్లీ రేడియోలో మాట్లాడాడు. రజ్వీ నాయకత్వంలో ఒక చిన్న ముఠా తన ప్రధాని ఇంటిని చుట్టుముట్టి బలవంతంగా రాజీనామా చేయించిందని, లాయక్ అలీ మంత్రివర్గాన్ని తన మీద రుద్దిందని, హిట్లర్ జర్మనీ పద్ధతుల్లో రాజ్యాన్ని పట్టుకుని తనను నిస్సహాయుణ్ని చేసిందని ఆ ప్రసంగం సారాంశం. ఈ దేశంతో ఆ ముఠాకు ఏ సంబంధమూ లేదన్నట్టు మాట్లాడాడు. షా మంజిల్‌ను చుట్టుముట్టిన రోజు పోలీసులకు ఒక్క హుకుం ఇస్తే సరిపోయేది. పదకొండు నెలలు ఊరుకుని, ఓడిన వారానికి నోరు విప్పాడు. రజ్వీని చూపించి ఢిల్లీని బెదిరించినంతకాలం బెదిరించాడు. ఆ పని అయిపోయాక వదిలేశాడు. 1950 జనవరి 26న అదే నిజాం హైదరాబాద్‌కు రాజప్రముఖ్ అయ్యాడు. ప్రధాని లాయక్ అలీ గృహనిర్బంధంలో ఉంటూ 1950 మార్చిలో తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. జైల్లో మిగిలింది లాతూర్ వకీలు.

మన పాఠాల్లో ఒక్క వాక్యం కూడా లేని సంగతి ఇప్పుడు చెప్పాలి. సైన్యం వచ్చాక మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లింల మీద దాడులు జరిగాయి. నెహ్రూ ప్రభుత్వం పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు ఆ జిల్లాలు తిరిగి నివేదిక ఇచ్చారు. తక్కువలో తక్కువగా 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని వాళ్ల అంచనా. ఆ నివేదికను దశాబ్దాల తరబడి బయటపెట్టలేదు. అందులో లాతూర్ ప్రస్తావన ఉంది. రజ్వీ ఊరు కాబట్టి అక్కడ చంపడం ఇరవై రోజులకు పైగా సాగిందని, సుమారు 10,000 మంది ముస్లింలున్న ఊళ్లో తాము వెళ్లేసరికి 3,000 మంది కూడా లేరని, వెయ్యికి పైగా చనిపోయారని, మిగతావాళ్లు పారిపోయారని రాశారు. ఎర్రకోట మాట అన్నవాడు హైదరాబాద్‌లో గట్టి కాపలా మధ్య జైల్లో ఉన్నాడు. అతని పాత ఊళ్లో, అతనికి ఫీజు ఇచ్చిన కక్షిదారులు, పక్కింటివాళ్లు, వ్యాపారులు ఆ మాటకు ధర చెల్లించారు. రజాకార్లలో చేరనివాళ్లూ చెల్లించారు. ఉట్నూర్ సంతలో చెప్పులు కుట్టించుకుని, చాయ్ తాగి, అప్పు పెట్టే ముస్లిం దుకాణదారుణ్ని ఇవాళ ఏ కుర్రవాడైనా రజాకార్ అంటే, ఆ మాట ఎవరిని కొడుతోందో టీచర్ ఆపి చెప్పగలగాలి.

మన అడవులకూ శాంతి రాలేదు. సైన్యం రజాకార్లను అయిదు రోజుల్లో ముగించి కమ్యూనిస్టు దళాల మీదికి తిరిగింది. 1951 దాకా పాల్వంచ, ఇల్లందు, ములుగు అడవుల్లో కోయ గూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లోకి తరలించారు. దళాలకు తిండి అందకూడదని ఆ ఏర్పాటు. పొలం, పశువులు, వేల్పుల గుడి అన్నీ విడిచి కంచెలో ఉండటం అంటే ఏమిటో ఆ ప్రాంతపు టీచర్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక విచారణ. మిలిటరీ గవర్నర్‌గా ఉన్న చౌధురి 1358 ఫస్లీలో ఒక రెగ్యులేషన్ తెచ్చి ప్రత్యేక ట్రిబ్యునళ్లను పెట్టాడు. మామూలు కోర్టుల్లో ఉండే కొన్ని అంచెలు వాటిలో లేవు. రజ్వీ మీద ప్రధానంగా రెండు కేసులు నడిచాయి, షోయబుల్లా హత్య ఒకటి, బీబీనగర్ దోపిడీ ఒకటి. హత్య కేసు హైకోర్టు దగ్గర నిలవలేదు. మాట అన్నాడనడానికీ చంపించాడనడానికీ మధ్య ఉన్న ఖాళీని ప్రాసిక్యూషన్ పూడ్చలేకపోయింది. బీబీనగర్ కేసులో ఏడేళ్ల కఠిన శిక్ష నిలబడింది. ఎర్రకోట మీద జెండా ఎగరేస్తానన్న మనిషిని చివరికి చట్టం పట్టుకున్నది ఒక చిన్న రైల్వే స్టేషన్ ఊళ్లో జరిగిన దోపిడీ కింద. నాకైతే ఇందులో ఆశ్చర్యం లేదు. పెద్ద పాపాలకు సాక్షులు చనిపోయి ఉంటారు, చిన్నవాటికి బతికి ఉంటారు.

ఈ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడ రజ్వీ వైపు వాదన ఏమిటో చూడండి. రాజ్యాంగం 14వ అధికరణం ప్రకారం చట్టం ముందు అందరూ సమానం, మిగతా నేరస్తులకు ఒక పద్ధతి, నాకొక పద్ధతి ఎలా పెడతారు అని. ఏ దేశాన్ని ఒప్పుకోనన్నాడో ఆ దేశపు రాజ్యాంగం, ఏ సమానత్వాన్ని తన సభల్లో వెక్కిరించాడో ఆ సమానత్వం. అయిదుగురు న్యాయమూర్తులు విన్నారు. 1953 జనవరిలో తీర్పు వచ్చింది. విచారణ దాదాపు మామూలు విచారణలాగే సాగిందని, అన్యాయం జరగలేదని మెజారిటీ అభిప్రాయం. ఇద్దరు ఒప్పుకోలేదు. వివియన్ బోస్, గులాం హసన్ విడిగా నిలబడ్డారు. ఖాసిం రజ్వీ పేరుతో ఉన్న ఆ తీర్పును వకీళ్లు సమానత్వం గురించి వాదించేటప్పుడు ఇప్పటికీ తీసి చూపిస్తారు. ఆ ఇద్దరు న్యాయమూర్తులకు రజ్వీ అంటే ఇష్టమని కాదు. ఇష్టం లేని మనిషికి కూడా అదే కొలత వాడాలని. ఆ విషయంలో నేను ఆ ఇద్దరి వైపే ఉంటాను.

ఆ తీర్పు గురించి చదువుతున్నప్పుడల్లా నాకు జోడేఘాట్ గుర్తొస్తుంది. బాబేఝరీ చుట్టూ పన్నెండు ఊళ్లు, జంగ్లాత్‌వాళ్లు నరికిన పోడుకు జరిమానాలు, కాల్చిన గుడిసెలు. నిజాంకు గోడు చెప్పుకోవాలని భీం హైదరాబాద్ దాకా పోయాడని మన పెద్దలు చెప్తారు. రాజు దర్శనం దొరకలేదంటారు. 1940లో పోలీసులు కొండెక్కి కాల్చారు. భీం, అతనితోపాటు మరికొందరు చనిపోయారు. నేరారోపణ లేదు, వకీలు లేడు, ట్రిబ్యునల్ లేదు, అప్పీలు లేదు, విభేదించే న్యాయమూర్తులు అసలే లేరు. రాజ్యంలో మనుషులను చంపించే మాటలు చెప్పినవాడికి అయిదుగురు న్యాయమూర్తుల ముందు తన వాదన వినిపించే అవకాశం వచ్చింది. పోడు భూమికి పట్టా అడిగినవాడికి తుపాకీ వచ్చింది. రజ్వీకి ఆ అవకాశం రాకూడదని నేను అనను, రావాల్సిందే. భీంకు ఎందుకు రాలేదన్నదే ప్రశ్న.

భీం చనిపోయాకే సర్కారుకు మనం కనిపించాం. హైమన్‌డార్ఫ్ వచ్చాడు, 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది, లక్ష ఎకరాలకు పైగా పట్టాలు వచ్చాయి. మనలాంటి బడిపంతుళ్ల వంశం మొదలైంది అక్కడే. రజ్వీ జెండా మాటలు నాంపల్లిలో మోగుతున్న అవే సంవత్సరాల్లో మార్లవాయి గుడిసె బడిలో పిల్లలు గోండిలో అక్షరాలు దిద్దుతున్నారు. ఆ అక్షరాల గురించి ఏ పత్రికా రాయలేదు.

ఇంకో సంగతి. ఉద్యోగ పరీక్షలకు చదివే మన పిల్లలు 1359 ఫస్లీ గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ అని బట్టీ పడతారు. ఆ ఫస్లీ ఏమిటో, ఎప్పటిదో చెప్పేవాళ్లు తక్కువ. అది 1949 నవంబర్‌లో వచ్చింది. రజ్వీని విచారించిన ట్రిబ్యునళ్ల రెగ్యులేషన్ 1358 ఫస్లీ. రెండూ ఒకే మిలిటరీ గవర్నర్ పాలనలోవి, మధ్యలో ఏడాది తేడా. ఒకటి పూర్వపు పాలనలో నేరం చేసినవాళ్లను శిక్షించడానికి, ఇంకొకటి పూర్వపు పాలనలో భూమి పోయినవాళ్లను కాపాడటానికి. మొదటిది చకచకా అమలైంది. రెండోదాని జాగాలో 1963లో ఒక రెగ్యులేషన్, 1970లో దాన్ని బిగించే 1/70 రావాల్సి వచ్చింది. అవి ఎంతవరకు అమలయ్యాయో ప్రతి మండలంలో కనిపిస్తూనే ఉంది.

రజ్వీ 1957 సెప్టెంబర్‌లో విడుదలయ్యాడు. పాకిస్తాన్ వెళ్లిపోవాలన్నది షరతు. వెళ్లేముందు మిగిలిన మజ్లిస్ మనుషులను పిలిపించి పార్టీ ఎవరు తీసుకుంటారని అడిగితే ముందుకు వచ్చినవాళ్లు తక్కువ. చివరికి అబ్దుల్ వాహెద్ ఒవైసీ తీసుకున్నాడు. ఆయనా వకీలే. భారత రాజ్యాంగాన్ని ఒప్పుకుని, ఎన్నికల్లో నిలబడే పార్టీగా దాన్ని 1958లో మళ్లీ నిలబెట్టాడు. దారుస్సలాం పోలీసు చర్య తర్వాత సర్కారు చేతిలోకి పోయింది. దాన్ని తిరిగి తెచ్చుకున్నది కత్తులతో కాదు, కోర్టులో వాజ్యం వేసి. రజ్వీ కరాచీ చేరి అక్కడే పేరు లేకుండా బతికి 1970లో చనిపోయాడు. ఒకప్పుడు అతని మాటకు కదిలిన నగరంలో ఆ వార్తకు దుకాణాలు మూయలేదు.

1948 నాటికి పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు ఎనభై ఏడు, ఎనభై ఎనిమిదేళ్లవాళ్లు. ఒక్కో గూడెంలో ఒకరో ఇద్దరో ఉంటారు. టీచర్లు ఈ దసరా సెలవుల్లోనే వాళ్ల దగ్గర కూర్చోవాలి. రజాకార్లు ఊళ్లోకి వచ్చారా, వస్తే వెంట పోలీసులున్నారా, పటేల్ పట్వారీలు ఎటువైపు నిలబడ్డారు, సైన్యం వచ్చినప్పుడు ఊరి ముస్లిం కుటుంబాలను ఎవరైనా దాచిపెట్టారా, శిబిరాలకు తరలించారా, ఎంతకాలం ఉంచారు. గోండిలో చెప్తే గోండిలోనే, కోయలో చెప్తే కోయలోనే రాసుకోండి. తెలుగు తర్వాత చేసుకోవచ్చు.